ఉప్పుగుంట యవ్వారం

అది 2022 వానాకాలం. నౌపడ జంక్షన్‌లో రైల్వే గేటు దాటి ఉప్పు మడుల వైపు వెళ్ళే రోడ్డులో నా ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, స్కానరు. వెనక గదిలో ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, గోడకి వేలాడే తెల్లగుడ్డ, నీలంగుడ్డ. అంతే.

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బళ్ళో ఉండిపోయారు, నేను బయటికొచ్చేశాను. టెక్కలిలో ఒక స్టూడియోలో పనికి చేరి, లైట్లు మోసి, నెగటివ్‌లు కడిగి, చివరికి కెమెరా పట్టుకోనిచ్చేంత వాణ్ణయ్యాను. అప్పటినుంచీ జనం ముఖాల మీదే బతుకుతున్నాను. అద్దం తరవాత ఈ ఊరి ముఖాలు ఎక్కువ చూసింది నేనే.

నాకు ప్రపంచ భూగోళం తెలిసింది ఫొటో సైజులతోనే. అమెరికా అంటే రెండంగుళాల చతురస్రం. గల్ఫ్‌లో కొన్ని దేశాలకి వెనక తెల్లగా ఉండాలి, కొన్నిటికి నీలంగా ఉండాలి. ఒక దేశానికి చెవులు రెండూ కనిపించాలి, ఇంకో దేశానికి నుదుటి మీద వెంట్రుక పడకూడదు. ఫొటోలో నవ్వకూడదన్న విషయంలో మాత్రం దేశాలన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి. ప్రపంచ ఐకమత్యం అంటే నాకు తెలిసినంతవరకూ అదొక్కటే.

మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెల్డర్లు, రిగ్గర్లు చాలామంది బయటి దేశాలకి వెళ్తారు. రిగ్గర్ అంటే క్రేన్‌తో పెద్ద బరువులు ఎత్తేటప్పుడు తాళ్ళూ గొలుసులూ కట్టి, ఇటు తిప్పు, అటు దించు అని చేత్తో సైగలు చేసేవాడు. వాళ్ళలో ఎక్కువమంది నా స్టూలు మీద కూర్చుని లేచినవాళ్ళే. 'నవ్వకురా' అని నేను అనగానే నవ్వేసినవాళ్ళే.

ఇక అసలు సంగతి. దాలయ్య అని మా బావ ఒకడున్నాడు. చుట్టరికం పిలుపుదే కానీ నిలవ ఉన్న పచ్చడిలా గట్టిపడింది. అతనికి ఉప్పు మడులున్నాయి. అంతకంటే పెద్ద ఆస్తి అతని మాట. మడులకి ఉప్పునీరు తెచ్చే కాలువ ఒక్కటే కాబట్టి, ముందు నీరు నీకా నాకా అని తగువులొస్తాయి. అప్పుడు దాలయ్యని పిలుస్తారు. అతను ఇద్దరి మడులకీ మధ్య గట్టు మీద నిలబడి, ఇద్దర్నీ తిట్టి, ఇద్దరికీ సర్ది వస్తాడు. దాన్ని మావాళ్ళు 'యవ్వారం తెంపడం' అంటారు.

అతని కూతురు లావణ్య. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం. మిగతా ఆంధ్రాలో గుంట అంటే గొయ్యి. అందుకని ఉప్పు మడుల మధ్య పెరిగిన ఆ పిల్లకి చిన్నప్పుడే నేను 'ఉప్పుగుంట' అని పేరు పెట్టేశాను. రెండర్థాలూ సరిపోయాయని చాలా ఏళ్ళు నా భుజం నేనే తట్టుకున్నాను. డిగ్రీలో చేరాక ఒకరోజు వచ్చి, "మావా, లావణ్యం అన్న మాటలోనే లవణం ఉన్నాదంట. నువ్వు పెట్టకముందే మా నాన్న పెట్టేసాడు ఆ పేరు" అంది. నా జోకుని నా షాపులోనే నా చేతిలోంచి లాక్కుపోయిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, వానలో తడుచుకుంటూ లావణ్య వచ్చింది. ఫైలు మాత్రం చున్నీలో చుట్టి పొడిగా ఉంచుకుంది.

"మావా, ఒక ఫొటో తియ్యాల, అప్‌లోడు సెయ్యాల. ఐదింటిలోపు అయిపోవాల."

"ఏటే, పెళ్ళి సంబంధమా?"

"పీజీ సీటు. రెండు సోట్ల వచ్చినాది."

"రెండు సోట్లా! మనకి పలాస బస్సులో ఒక్క సీటు దొరకదు. రెండూ ఒప్పేసుకో."

"ఒరిజినల్ టీసీ ఒకటే కదా మావా. ఎక్కడిస్తే అక్కడే. ఒకటి ఢిల్లీలో ఇంటర్నేషనల్ అఫైర్స్. ఇంకోటి హైదరాబాదులో డెవలప్‌మెంట్ స్టడీస్. రెండిటికీ గడువు ఈ సాయంత్రమే. ఏదో ఒకటి నొక్కకపోతే రెండూ పోతాయి."

"డెవలప్‌మెంటుకి ఎమ్మే ఏటే గుంటా? అది నాను పదిహేనేల్లు సేసాను, సీకటి గదిలో."

నవ్వుతుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని, "ఎలగ సేసేవోడివో సెప్పు" అంది. ఆ పిల్లతో అదే చిక్కు. జోకు వేస్తే దాన్ని విప్పి లోపలేముందో చూస్తుంది.

చెప్పాను. అప్పట్లో డార్క్‌రూమ్ అని ఒక గది ఉండేది. ఎర్రబల్బు తప్ప వెలుతురు ఉండకూడదు. నెగటివ్‌లోంచి వెలుగు పడిన కాయితాన్ని డెవలపర్ అనే మందునీళ్ళ పళ్ళెంలో వేసి మెల్లగా ఊపాలి. కాయితం తెల్లగా ఉంటుంది. ఊపుతూ ఉంటే ముందు జుట్టు వస్తుంది, తరవాత కనుబొమలు, తరవాత కళ్ళు. ఎక్కడో నీటి అడుగు నుంచి మనిషి పైకి తేలి మన వైపు చూసినట్టుంటుంది. వేలసార్లు చూశాను. ఒక్కసారి కూడా మామూలుగా అనిపించలేదు. ఆ తరవాత ఫిక్సర్‌లో వేయాలి. లేకపోతే వెలుతురు తగలగానే ఆ మనిషి నల్లగా మాసిపోతాడు.

"అంటే బొమ్మ కాయితంలో ముందే ఉంటాది."

"ఉంటాది. కనపడదంతే."

"బాగున్నాది మావా. మన ఊల్లు కూడా అలాగే."

"అయితే ఆ సదువే సదువు. తెగిపోయింది యవ్వారం. టీ తాగుతావా?"

తెగలేదు. అప్పుడు చెప్పింది, తన మనసులో నలుగుతున్నదేమిటో. కాలేజీలో మేడాలు, స్నేహితులు అందరూ డెవలప్‌మెంటే తీసుకోమన్నారట. పల్లె పిల్లవి, ఉప్పు కష్టం చూసినదానివి, పల్లెల గురించి నీకంటే ఎవరికి తెలుసు అన్నారట. మంచి మాటే. కానీ ఢిల్లీవాళ్ళ ఇంటర్వ్యూలో ఒకాయన, ఉప్పు మడుల నుంచి వచ్చిన అమ్మాయికి విదేశాల సంగతి ఎందుకు అని నవ్వుతూ అడిగాడట. ఈ పిల్ల ఏదో చెప్పింది, సీటు కూడా ఇచ్చారు. కానీ ఆ ప్రశ్న లోపల ఉండిపోయింది.

"పల్లెలో పుట్టినోల్లు పల్లె గురించే సదవాలేటి మావా? సముద్రం మా మడుల కాడిదాకా వస్తాది కదా. నాకు దాని అవతలేటుందో తెలుసుకోవాలనుంటే అది తప్పా? ఎందుకు అని అడిగితే మాత్రం నా కాడ జవాబు లేదు. డెవలప్‌మెంటయితే జవాబు పది పేజీలు రాసేస్తాను."

లేచి లైట్లు వేశాను. ఫొటో తీస్తే కొంచెంసేపైనా మాట్లాడకుండా ఉంటుంది కదా అని.

ఫొటో తీసి కంప్యూటర్లో వేసుకుంటూ ఉండగా దాలయ్య గొడుగు ముడుస్తూ వచ్చాడు. వానాకాలం మడులకి సెలవు, అతనికి పనిలేదు. గుమ్మంలోనే మొదలెట్టాడు.

"ఏటి బావా, తేల్సేసిందా? డెవలప్‌మెంటే కదా?"

"నువ్వూ అదేనా?"

"మరి! డెవలప్‌మెంటంటే ఆపీసరు. మనూరొచ్చే ఇన్సూరెన్సు డెవలప్‌మెంట్ ఆపీసర్ని సూడు. మోటారు సైకిలు దిగితే పదిమంది లెగిసి నిలబడతారు."

"నాన్నా, అది వేరు, ఇది వేరు."

"పోనీ, రెండోది ఏటి?"

"అంతర్జాతీయ వ్యవహారాలు."

దాలయ్య గొడుగు కింద పెట్టేశాడు. చదువుకున్నవాళ్ళకి వ్యవహారం అంటే గౌరవమైన మాటే. ఉప్పు మడుల కాడికి వచ్చేసరికి అది 'యవ్వారం' అయిపోతుంది. యవ్వారం అంటే తగువు కావచ్చు, కిరికిరి కావచ్చు, 'ఆడికీ దానికీ ఏదో యవ్వారం ఉన్నాది' అన్నప్పుడు చెవి దగ్గర చెప్పుకునే సంగతీ కావచ్చు.

"పరాయి దేశపోల్లతోటి నీకేటమ్మా యవ్వారం?" అన్నాడు, చాలా మెల్లగా.

"యవ్వారమంటే అది కాదు నాన్నా."

"మరేటి?"

లావణ్య నా వైపు తిరిగి, "ఇంగ్లీషులో అయితే సెప్పగలను మావా. నాన్నకి సెప్పడానికి మాటల్లేవు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పది పేజీలు రాయగల పిల్లకి, అన్నం పెట్టిన భాషలో ఒక్క వాక్యం దొరకలేదు. గోడ గడియారం మూడున్నర దాటింది.

అప్పుడే ఎర్రమ్మ వచ్చింది. పక్క ఊరావిడ, నన్ను అన్నియ్యా అంటుంది. ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రవికలో దాచి, వానలో నడిచి వచ్చింది. ఆవిడ భర్త తవిటయ్య రిగ్గర్. గల్ఫ్‌లో ఒక కంపెనీలో చేరాడు. అక్కడ పనివాళ్ళ పాస్‌పోర్టులు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకునేవారట. యజమాని ఒకరోజు ఆఫీసుకి తాళం వేసి పోయాడు, మళ్ళీ రాలేదు. పాస్‌పోర్టులు లోపలే. కాయితాలు లేకుండా రోడ్డు మీద దొరికాడని తవిటయ్యని పట్టుకుని లోపల కూర్చోబెట్టారు. ఫోను తీసేసుకున్నారు. అతనితో పనిచేసే సోంపేట కుర్రాడొకడు మన ఎంబసీ చుట్టూ తిరుగుతున్నాడు, ఔట్‌పాస్ కోసం. పాస్‌పోర్టు లేనివాడు ఒక్కసారి ఇంటికి రావడానికి ఇచ్చే చీటీని ఔట్‌పాస్ అంటారు. దానికి తవిటయ్య ఫొటో కావాలి, వెంటనే.

"పాస్‌పోర్టు ఫొటో ఆపీసులోనే తీసారు, వీసా ఫొటో ఏజెంటు విశాపట్నంలో తీయించాడు. నా కాడ ఇదొక్కటే ఉన్నాది అన్నియ్యా" అని ఫోను చూపించింది.

బావమరిది పెళ్ళిలో తీసిన ఫొటో. తవిటయ్య పంక్తి మధ్య నిలబడి, చేతిలో సాంబారు బకెట్టు, నోరంతా నవ్వు. పక్కన ఎవరిదో గరిటె అతని గడ్డానికి అడ్డం.

"ప్రపంచంలో నవ్వకూడదని లేని దేశం లేదు సెల్లీ. మీ ఆయన సూస్తే పళ్ళన్నీ లెక్కపెట్టుకోమన్నట్టున్నాడు."

"ఏటి సేత్తాం. ఆడి మొకమే అంత."

పనిలోకి దిగాను. ముందు క్రాప్, అంటే అక్కర్లేని జనాన్ని కోసేయడం. తరవాత గరిటె తీసి గడ్డం అతికించడం. వెనక పందిరి తీసి తెల్లరంగు పెట్టడం. పెదవులు కొంచెం దగ్గరికి. ఆ తరవాత టచప్. ఇది మా వృత్తిలో చెయ్యి దానంతటదే చేసే పని. మచ్చలు తుడిచేయడం, రంగు తేల్చడం. ఎంత నల్లవాడైనా నా షాపు గుమ్మం దాటేసరికి చామనఛాయ, పెళ్ళి ఫొటో అయితే పసుపు పూసిన తెలుపు. అలా చేయకపోతే మా జిల్లాలో ఎవరూ ఫొటో తీసుకోరు. మాటల్లోనే పని అయిపోయింది. స్క్రీను ఆవిడ వైపు తిప్పాను.

ఎర్రమ్మ ముందుకి వంగి చూసింది. వెనక్కి జరిగి చూసింది.

"అన్నియ్యా, ఈయనెవులు?"

"మీ ఆయనే."

"మా ఆయనకి ఎడం కనుబొమ మీద మచ్చుండాల. ఇనప గొలుసు తెగి తగిలినాది. ఇంత తెల్లగ ఆడు పురిట్లో కూడా ఉండనేదు. అక్కడోలు ఆడి మొకం, ఈ మొకం పక్కపక్కన పెట్టి పోల్సాలి కదేటి. మనం పెల్లిసూపులకి పంపుతన్నామా?"

లావణ్య పక్కున నవ్వింది. దాలయ్య నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ చెవులు వేడెక్కాయి. టచప్ చేసినదంతా వెనక్కి తిప్పాను. రంగు వెనక్కి వచ్చింది, బుగ్గ మీద గుంతలు వచ్చాయి, చివరికి కనుబొమ మీద మచ్చ వచ్చింది. ఆ మచ్చ తేలగానే ఎర్రమ్మ స్క్రీను మీద వేలు పెట్టింది. "ఇడుగో" అంది. డార్క్‌రూమ్ మూసేశాక మనిషి అలా నీళ్ళలోంచి తేలి రావడం నేను మళ్ళీ చూసింది ఆ రోజే.

ఫొటో సోంపేట కుర్రాడికి పంపించాను. అది వెళ్ళినట్టు గుర్తు పడేదాకా ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుంది. అప్పుడు లావణ్య ముఖం గమనించింది.

"ఈ గుంటేటి అలగ ముడుసుకుని కూకున్నాది?"

నేను చెప్పాను, రెండు చదువులు, ఒక్క గడువు అని.

"ఆ సదువులేటమ్మీ?"

లావణ్య ఎర్రమ్మని చూసి, స్క్రీను మీది తవిటయ్యని చూసి చెప్పింది.

"ఒకటి సదివితే మావ ఎందుకు ఎల్లిపోవలిసొచ్చిందో తెలుస్తాది అత్తా. ఇంకోటి సదివితే, ఎల్లినోడు ఎలగ తిరిగి రావాలో తెలుస్తాది."

తండ్రికి చెప్పలేకపోయిన మాట అదే. ఎవరి కోసమో వెతికితే దొరికింది. నేను ఆ సంగతి అందామనుకునేలోపే ఎర్రమ్మ అందుకుంది.

"ఎల్లిపోవలిసొచ్చిందా? ఎవులు సెప్పారమ్మీ నీకు? ఆడు ఎల్తానన్నాడు, ఎల్లాడు. ఇంటంత ఇనుముని గాల్లోకి లేపి, సేత్తో ఇలగ అంటే అది ఆగాల. అది సెప్తన్నప్పుడు ఆడి కళ్ళు సూడాల నువ్వు. అందరూ పాపం పాపం అంటారు. పల్లెలో పని నేక పోనాడంటారు. పనుంటే మాత్రం ఎల్లకూడదేటి? మనకి సూడాలని ఉండదేటి?"

లావణ్య నిటారుగా కూర్చుంది.

"తేలినీలాపురం పిట్టలున్నాయి" అంది ఎర్రమ్మ. మాకు దగ్గర ఊరే. వానలు వెనకపట్టాక ఎక్కడెక్కడి నుంచో కొంగలూ గూడబాతులూ వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు పెడతాయి. "సైబీరియా నుంచంట, ఇంకెక్కడినుంచో అంట. వస్తాయి, పిల్లల్ని సేసుకుంటాయి, ఎల్లిపోతాయి. పురిటికొచ్చిన ఆడపిల్లలని సెప్పి ఆ ఊరోలు రాయి ఇసరరు, టపాసు పేల్సరు. పాపం ఆటికి తిండి నేక వచ్చాయని ఎవులైనా ఏడుత్తారా? ఎగరగలవు, వచ్చాయి. మల్లీ ఎగిరి పోతాయి. ఆటి రెక్కలు ఎవుడైనా ఊడబీకి బీరువాలో పెట్టి తాళమేసాడా? మా ఆయన రెక్కలు ఎవుడో బీరువాలో పెట్టి, తాళమేసి పోనాడు. ఆ తాళం తీసే సదువేదో, నాకదే సదువు. మిగతాయి నాకు తెల్దు."

ఏటా ఆ పిట్టల ఫొటోలు తీసి క్యాలెండర్లకి అమ్ముతాను. వాటికి రెక్కలున్నాయని నాకు ఆ రోజు తెలిసింది.

లావణ్య తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, మడుల కాడ నిన్ను పిలిస్తే నువ్వేటి సేస్తావు?"

"ఏటి సేస్తాను? యవ్వారం తెంపుతాను."

"ఎక్కడ నిలబడి?"

"గట్టు మీద. ఇద్దరికీ మద్దిన."

"ఇదీ అదే నాన్నా. గట్టు పెద్దది, అంతే."

దాలయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తడి లేకపోయినా మళ్ళీ తుడుచుకున్నాడు. బయట వానని చూస్తూ అన్నాడు.

"ఢిల్లీలో సలి ఎక్కువంట కదా బావా."

మా దాలయ్య ఒప్పుకోవడం అలాగే ఉంటుంది. మడుల కాడ కూడా అంతే, తీర్పు చెప్పడు, గొడుగు తెచ్చుకున్నావా అని అడుగుతాడు.

లావణ్య ఫొటో తెరిచాను. వానలో తడిసిన జుట్టు, ఎండకి కాలిన బుగ్గలు. నా చెయ్యి అలవాటు కొద్దీ టచప్ మీదికి వెళ్ళింది.

"మావా! నన్ను కూడా నాలాగే ఉంచు."

ఉంచాను. ఫొటో ఎక్కించాం. ఢిల్లీ పేరు పక్కన ఉన్న చోట తను నొక్కింది. నొక్కగానే ఓటీపీ అడిగింది. తీరా చూస్తే, డిగ్రీ రోజుల నుంచీ ఆ పిల్ల కాయితాలన్నిటిలో ఇచ్చిన నంబరు దాలయ్యది. అతని జేబులో బటన్ల ఫోను టింగుమంది. ముగ్గురం అతని వైపు తిరిగాం.

నేను చెయ్యి చాచాను. "ఇటియ్యి బావా, నాను సదువుతాను."

"నాను సదవలేనేటి?" అన్నాడు.

కళ్ళజోడు తేలేదు. ఫోనుని చెయ్యి బారుకి దూరం పెట్టి, తల వెనక్కి వంచి, ఒక్కొక్క అంకే చదివాడు. బస్తాలోంచి ఉప్పు కొలిచి ఇస్తున్నట్టు ఒకటి ఇచ్చి, ఆగి, అది చేరిందని చూసుకుని ఇంకోటి. ఆఖరి అంకె దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. కనిపించక ఆగాడో ఇంకెందుకు ఆగాడో నేను అడగలేదు. చెప్పాడు. లావణ్య కొట్టింది. స్క్రీను మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి.

ఎర్రమ్మ ఇంకా అక్కడే ఉంది. "అయిపోయిందా అమ్మీ?" అని అడిగి, పిల్ల తల మీద చెయ్యి వేసి, ఫోను మళ్ళీ కవర్లో చుట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది. తన మాటతో ఒక యవ్వారం తెగిందని ఆవిడకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తవిటయ్య ఆ ఏడు తేలినీలాపురంలో పిట్టలు గూళ్ళు కట్టే రోజుల్లో ఇంటికి వచ్చాడు. ఇందులో లావణ్య చేసిందేమీ లేదు, అప్పటికి ఆ పిల్ల ఢిల్లీ చలికి స్వెట్టరు వెతుక్కుంటోంది. తెచ్చింది సోంపేట కుర్రాడి తిరుగుడు, మచ్చతో ఉన్న ఆ ఫొటో. ఊళ్ళో దిగిన మర్నాడే నా షాపుకి వచ్చి, "బావా, నా సాంబారు బకెట్టు ఏదిరా, కోసేసావంట?" అని గొడవపెట్టుకున్నాడు. చిక్కిపోయాడు. నవ్వు మాత్రం గల్ఫ్‌వాళ్ళు కూడా తీసుకోలేకపోయారు.

లావణ్య చదువు పూర్తయి ఇప్పుడు ఢిల్లీలోనే పనిచేస్తోంది. బయటి దేశాల్లో చిక్కుకున్న పనివాళ్ళ గోడు విని, ఇటు ఆఫీసులకీ అటు ఆఫీసులకీ మధ్య తిరిగే పని. అప్పుడప్పుడు ఫోను చేసి ఫలానా దేశానికి ఫొటో వెనక ఏ రంగు మావా అని అడుగుతుంది. ఏం పని చేస్తున్నావే అని ఎవరైనా మా ఊళ్ళో అడిగితే 'యవ్వారాలు' అని చెబుతుందట. దాలయ్యా అలాగే చెబుతాడు, కొంచెం గట్టిగా, పదిమందీ లేచి నిలబడేలా.

ఈ వృత్తిలో ఇన్నేళ్ళున్నాక నాకు తెలిసింది ఇంతే. మనిషి ముఖం తెల్లబరిచి బాగుచేశామనుకుంటాం. పాపం అనుకోవడం కూడా ఒక టచప్పే. పల్లెవాడు కదా, లేనివాడు కదా, ఆడపిల్ల కదా అని మనమే ఒక రంగు పూసేసి, ఆ కింద మచ్చతో సహా ఉన్న అసలు మనిషి ఏం కోరుకుంటున్నాడో చూడం. ఇప్పుడు మౌసు పట్టుకునే ముందు అడుగుతున్నాను, ఉన్నదున్నట్టు ఉంచనా అని. పెళ్ళికూతుళ్ళు మాత్రం ఇంకా వద్దనే అంటున్నారు. వాళ్ళ జోలికి నేను పోను.

మొన్నీమధ్య తవిటయ్య మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి వేరే దేశం. ఎర్రమ్మ గుమ్మంలో నిలబడి, "పోనీ అన్నియ్యా, ఆడికి ఇనుము ఎగరేయడం సరదా" అంది, నేను ఏమీ అడగకుండానే.

"నవ్వకు" అన్నాను. నవ్వాడు. మళ్ళీ తీశాను.

"ఒక కాపీ ఎక్కువ తియ్యి బావా."

"ఎవులికి? మా సెల్లికా?"

"ఆవిడికి ఫొటో ఎందుకు, నానే ఉన్నాను కదా. ఢిల్లీలో ఉప్పుగుంటకి పంపు. నా మొకం ముందే సూసుంచమను. మల్లీ పెల్లి ఫొటోలో ఎతుక్కోనక్కర్నేదు."

ఫొటో స్క్రీను మీదికి వచ్చింది. ఎడమ కనుబొమ మీద మచ్చ ఎక్కడుందో చూసుకుని ప్రింటు కొట్టాను.